సగం గెడ్డం

కరెంటు తీసేసిన మూడో రాత్రి
కోటవీధిలో గవరయ్య సెలూన్
తలుపు సగమే తెరిచుంది.
అద్దం మీద దుప్పటి కప్పాడు,
వెలుతురు సముద్రం దాకా పోతుందని ఎవరో చెప్పారట.
ఫోను లైటు పళ్ళ మధ్య కరుచుకుని
లోకనాథం గారి ఎడమ చెంప గీస్తున్నాడు.

"వాళ్ళకి ముందే తెలుసు."
నురగలోంచి వచ్చింది మాట.
"మూడు రేవులు, ఒకే నిమిషం!
రాడార్లన్నీ ఆ రోజే మరమ్మతుకెళ్ళాయా?
పోర్టులో ముప్పై నాలుగేళ్ళు రిజిస్టర్లు రాశాన్నేను.
ఏ ఓడ ఏ గంటకి దగ్గిందో అడుగు, చెబుతాను.
తెలీకుండా ఏదీ జరగదు."

గవరయ్య ఫోను నోట్లోంచి తీశాడు.
"తెలిస్తే ఊరుకుంటారేటి బాబూ,
ఆళ్ళకీ పిల్లలున్నారు కదా?"
"ఆ పిల్లలు ఏ దేశంలో ఉన్నారో కనుక్కో ముందు."

బెంచీ మీంచి డాక్‌యార్డు వెల్డరు సన్యాసినాయుడు లేచాడు.
పెద్దాయన ఆ తెల్లవారుజామున పెళ్ళిలో ఉన్నాడట.
చెవిలో కబురు చెప్పాక కూడా
అక్షింతలు వేసి, ఫొటో దిగి,
టిఫిను ముందు కూర్చున్నాడట.
"నలభై నిమిషాలు! వీడియో చూసి లెక్కేశాను.
పెసరట్టు రెండోసారి వేయించుకున్నాడు."
"జనం బెదిరిపోతారని అలా కూర్చున్నాడేమో."
"జనమా? పెసరట్టా?"

నవ్వాం.
నవ్వి, ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నాం.
పోయినవాళ్ళ లెక్క ఇంకా తేలలేదు.

ఖుద్దూస్ ఆటోలకి వైరింగు చేస్తాడు.
ఫ్యూజు తీగ నుంచి బౌలరు చెయ్యి వంపు దాకా
ఈ బెంచీ మీద ఏ తగువూ ఒగ్గేసినవాడు కాడు.
ఆ రాత్రి పేపరు నాలుగు మడతలు పెట్టి
విప్పి, మళ్ళీ మడిచి,
"లోపలి మనుషులు లేకుండా బయటివాళ్ళు..." అని
లోకనాథం గారు ఇంకా అంటూండగానే
చెప్పులేసుకున్నాడు.
"రేపు చేయించుకుంటాన్లే గవరన్నా."
వారం గెడ్డం అతనిది.
ఎవరూ ఆగమనలేదు.
నేనూ అనలేదు.

నేను మైలపల్లి కాశుల్ని. వేట మనిషిని.
దాడికి నాలుగు రోజుల ముందు,
వేట ఆపేసిన నెలలో,
అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నాడని
దొంగతనంగా పడవ దింపాను.
డాల్ఫిన్ నోస్ లైటు చిన్న మిణుగురయ్యేదాకా పోయాను.
అక్కడ
దీపం లేని పడవొకటి నా పక్కనించి పోయింది.
మన ఇంజన్లు దగ్గుతాయి.
అది పిల్లిలా గుర్రుమంది.
అందులో ఎవరో చెయ్యెత్తారు.
నేనూ ఎత్తాను.
సముద్రమ్మీద అది మర్యాద.

పొద్దున్నే మెరైన్ పోలీసుల గేటు దాకా వెళ్ళాను.
"నువ్వెందుకెళ్ళావురా అక్కడికి?" అంటారు ముందు.
పడవ లాక్కుంటారు.
ఎదురుగా బడ్డీలో టీ తాగాను.
ఇంటికొచ్చి వల బాగుచేసుకున్నాను.
చినుగు చిన్నదే, సాయంత్రం దాకా కుట్టాను.

డీజిలు దొంగల పడవే కావచ్చు.
నాలాగే అప్పున్నవాడెవడో కావచ్చు.
మూడు రాత్రులుగా ఆ చెయ్యి
ఒకసారి కుర్రాడిదిలా ఉంటుంది,
ఒకసారి నా బామ్మర్దిదిలా ఉంటుంది,
ఒకసారి వేళ్ళే ఉండవు.

"నువ్వు చెప్పవయ్యా కాశులూ,"
లోకనాథం గారు కుర్చీలోంచి ఇటు తిరిగారు.
"సముద్రం నీకు తెలిసినట్టు మాకు తెలీదు.
ఎవరి కంటా పడకుండా
అంత దూరం రాగలరా?"

అప్పుడే ఫోను చచ్చిపోయింది.
కత్తి ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది.
బయట ఎవరిదో కుక్క,
దాని వెనక రేవు, దాని వెనక
దీపం లేని సముద్రం.

"రాలేరు బాబూ," అన్నాను.
"ఎవడో ఒకడు చూసే ఉంటాడు."

"చూశావా!" అన్నాడాయన చీకట్లో,
గెలిచిన గొంతుతో.

గవరయ్యతోనే అన్నాడు.
నాతో కాదు.