పదిహేడో తూము

"లైటు వెలుగుతోంది కదండీ, మరింకేంటి రోగం?"
అన్నారు వరహాలరాజు గారు.
మొగల్తూరు రోడ్డులో రొయ్యల ఫ్యాక్టరీ.
చలిగది వెనక, మెట్ల కింద
ఇనప గూట్లో ఇరవై నాలుగు నోళ్ళ స్విచ్చి.
పదిహేడో నోట్లో నీలం తీగ.
పచ్చలైటు రెప్ప కొడుతూనే ఉంది.

లైటంటే తీగ బతికుందని, అంతే.
ఏ కాలువలో బతికుందో లైటు చెప్పదు.

మా ఏసురత్నం మావయ్య లాకుల దగ్గర లస్కరు.
ఒకటే గోదారి, అనేవాడు,
తూము దగ్గరకొచ్చాకే నీదీ నాదీ అవుద్ది.
చేతిలో తాళంచెవి, చంకలో వంతుల పుస్తకం.
పంట కాలువ పైనించి పోతుంటే
దాని పొట్ట కిందనించి మురుగు కాలువ పోయే చోటు
సైకిలు మీద తీసుకెళ్ళి చూపించాడోసారి.
రెండు నీళ్ళు ఒకదాన్నొకటి దాటుకుపోతున్నాయి,
ఒక్క చుక్కయినా పలకరించుకోకుండా.

నాదీ ఆ ఉద్యోగమే. తాళంచెవి బదులు కీబోర్డు.
పదో వీలాన్ జీతాల లెక్కలది.
కెమెరాలకి ఇరవై.
తూకాలూ చలిగది కొలతలూ వేలిముద్రల మిషనూ
ముప్ఫైలో ఉండాలి.
సరుకు చూడ్డానికొచ్చే బేరగాళ్ళ ఫోన్లకి నలభై,
అది ఉప్పునీటి చెరువు, గట్టు దాటనివ్వం.

కొత్త పెట్టె విప్పినప్పుడు
ఇరవై నాలుగు నోళ్ళూ ఒకటో నంబరులోనే పుడతాయి.
ఒకరు పిలిస్తే అందరికీ వినబడుద్ది.
ఆనక మనమే కూర్చుని
ఒక్కోదాన్నీ నంబరు పెట్టి విడదీస్తాం.

విడదీయడం అన్నమాట నాకు తేలిగ్గా రాదు.
మా పేటకి నీళ్ళు ఆఖరి వంతులో వచ్చేవి,
కొన్నేళ్ళు ఆఖరి వంతే వచ్చేది కాదు.
అందుకే తీగ పట్టుకున్న ప్రతిసారీ అడుగుతాను,
ఎవర్నించి ఎవర్ని, దేనికీ అని.
జీతాల కాగితం బేరగాడి ఫోనుకి కనబడకూడదంటే
సరే, అది గట్టు.
ఇంకో రకం గట్లు కూడా నాకు తెలుసు.

ఇరవై నాలుగో నోరొక్కటే పెద్ద కాలువ.
అన్ని నీళ్ళూ అందులోంచే సర్వరు గదికి.
కలిసిపోవా అంటారు రాజు గారు.
పోవండి, ప్రతి చుక్క మెడలోనూ నంబరు చీటీ.
నీటికి చీటీ కట్టారంటే మావయ్య నవ్వేవాడు.
చివరి తూము దగ్గర ఆ చీటీ విప్పేస్తాం,
గడప బయట చెప్పులు విడిచినట్టు.
లోపలున్న మిషనుకి
తనే వీలాన్‌లో ఉందో తెలియనే తెలియదు.

మంగళవారం రాత్రి గాలివాన. కరెంటు పోయింది, వచ్చింది.
నాకు ముందున్న కుర్రాడు
పదిహేడుని ముప్ఫైలో పెట్టాడు గానీ
రాసి దాచలేదు.
దాచని మాట స్విచ్చికి కరెంటున్నంతసేపే గుర్తు.
తెల్లారేసరికి పదిహేడు మళ్ళీ ఒకటిలో.

ముప్ఫై నాలుగుమంది ఆడాళ్ళు
మూడు రోజులు వేలు పెట్టారు. మిషను టింగుమంది.
ఆఫీసు లెక్కలో మూడు రోజులూ ఎవరూ రాలేదు.
రొయ్యలు వాటంతటవే వొలుచుకున్నాయి కాబోలు.

ఇంటర్‌ఫేస్ పదిహేడు.
స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీలాన్ ముప్ఫై.
అర నిమిషం ఆగి
రైట్ మెమరీ.
తెర మీద ముద్రలు దిగబడ్డాయి,
లాకు తలుపు ఎత్తితే నీళ్ళొచ్చినట్టు,
బుధవారానివి, గురువారానివి, శుక్రవారానివి.
రాజు గారు లెక్కపెట్టుకుని
ముప్ఫై మూడేనండీ అన్నారు.

ముప్ఫై నాలుగో మనిషి కడలి సువార్తమ్మ.
పిలిపించారు. తడి చెయ్యి చీరకి తుడుచుకుని
బొటనవేలు పెట్టింది.
మళ్ళీ పెట్టమంది మిషను.
పెట్టింది. మళ్ళీ పెట్టమంది.
పదకొండేళ్ళ మంచుగడ్డలూ రొయ్య డొప్పలూ
ఆ వేలి మీది గీతలన్నీ మెల్లిగా తినేశాయి.

తీగ బాగుంది. నంబరు సరైందే. పచ్చలైటు వెలుగుతోంది.
నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.
"ఇంకో వేలుందమ్మా," అంది సువార్తమ్మ,
నన్ను ఓదారుస్తున్నట్టుగా.