పండ్లు

చండూరు రోడ్డు మీద, రేకుల కింద,
బండి ఎడమ దిక్కు కవరు ఇప్పిండు మైసయ్య.
లోపల ఏండ్ల నల్లమడ్డి.
గీకితే చెల్కల దుమ్ము, కందిపొట్టు,
ఎన్నడో తెగిన నా చెప్పు వారు ముక్క.

"ఫస్టు గేరేసి బ్రేకు తొక్కి పట్టు" అన్నడు.
పట్టిన.
రెండు బోల్టులల్ల ఒకటి మొండికేసింది,
కిర్రుమన్నది, ఇడిసింది.

చిన్నచక్రం నా అరచేతిల పెట్టిండు.
పద్నాలుగు పండ్లు,
అన్నీ ఒక్క దిక్కే వంగినయ్, తేలుకొండ్ల లెక్క.
రోజుకు నలభై నీళ్ల క్యాన్లు గుంజి గుంజి.

"కొత్త చైనుకు దీన్నే ఉంచితే
నెలల నమిలి పారేస్తది"
నవ్వబోయి, గ్రీసు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నడు.
వాళ్లూరి బోరునీళ్లు
చిన్నప్పుడే ఆయన పండ్లకు గోధుమ చారలు గీసినయ్.

నేను కిరసనాయిలుల బ్రష్షు ముంచుతున్న.
"లాకు మూసిన కొస పొయ్యే దిక్కే ఉండాలె.
రెండేళ్లంత సడలు ఉంచు,
మరీ బిగిస్తే తెగుతది."

మజూరీల యాభై కొట్టేసి
ఒక క్యాను దించిపొమ్మన్నడు.

అరిగిన చక్రం ఆయన మనుమడు ఎత్తుకపోయిండు.
నడిమి బొక్కల కన్ను పెట్టి
నా దిక్కు చూసి ఇకిలించిండు.
ముందటి రెండు ఊడినయ్.
కొత్తవి ఇంకా రావాలె.