సగం దించిన షట్టర్

డండీలో, గురువారం ఏడున్నరకి
సైకిల్ షాపు షట్టర్ సగం దించుతాడు టోర్క్విల్.
మూసినట్టూ కాదు, తెరిచినట్టూ కాదు.
నడుం వంచి రావాలి.
ఇక్కడ కూడా వంగాలా అనుకున్నాను
మొదటిరోజు.
నా మొహం చదివినట్టున్నాడు,
"తలకి తగలకుండా, అంతే" అన్నాడు.

అంతకుముందు వెళ్ళిన చోటా మంచివాళ్ళే.
కాఫీ ఇచ్చారు. భుజం తట్టారు.
చివర్లో చేతులు పట్టుకుని
నాకంటే పెద్దదైన దేనికో
నన్ను నేను అప్పగించుకోమన్నారు.
కొందరు అప్పగించుకున్నారు, నిజంగానే, నిలబడ్డారు.
నేను పెదాలు కదిపాను.
ఆరు నెలలు కదిపాను.
అబద్ధం కూడా ఒక గుక్కే,
గొంతు దిగాక ఇంకోటి అడుగుతుంది.

ఇక్కడ గోడలకి సూక్తులు లేవు.
చక్రాలు వేలాడుతుంటాయి, గొలుసులు, ఒక పిల్లల సీటు.
ఎనిమిది కుర్చీలు, మూసేసిన ఏదో పబ్బు నుంచి తెచ్చిన
ఒక ఎత్తు స్టూలు.
దాని మీద ఎవరూ కూర్చోరు.
కోట్లు పడేస్తాం.

ఇష్బెల్‌కి డెబ్బై ఒకటి. ఆదివారాలు చర్చిలో పాడుతుంది.
వచ్చిన మొదటి వారం గుమ్మంలోనే అడిగింది:
"నా దేవుణ్ణి బయట వదిలి రావాలా?"
టాక్సీ నడిపే షఫాకత్ అన్నాడు:
"బయట వానగా.
గొడుగులతో పాటు ఆ మూల ఆనించండి,
వెళ్ళేటప్పుడు మర్చిపోకండి."
షఫాకత్ వాళ్ళింట్లో మందు అన్న మాటే లేదు.
అందుకే ఆ జబ్బుకి పేరూ లేదు.
ఇక్కడికొచ్చి పెట్టుకున్నాడు.

బొజెనా రోజులు లెక్కపెట్టదు.
ఎన్నాళ్ళైందంటే "పోయిన శీతాకాలం నుంచి" అంటుంది,
ఊరు మారి వచ్చినట్టు.

నేను లెక్కపెట్టాను. నలభై మూడు.
నలభై నాలుగో రోజు తెల్లవారుజామున
బేకరీ షిఫ్టు దిగి, ఎప్పుడూ వెళ్ళే దారిలో కాక
నది వైపు తిరిగాను.
ఆ తర్వాతి రెండు గురువారాలు నాకు గుర్తు లేవు.

మూడో గురువారం షట్టర్ బయట నిలబడ్డాను.
దాని కింద నుంచి బూట్లు కనిపిస్తున్నాయి.
ఇష్బెల్ నల్లవి, షఫాకత్ మడమ అరిగినవి,
కాలు ఊపుతూ బొజెనా.
పక్కన నాలుగు కుర్చీకాళ్ళు, వాటి మధ్య ఎవరి పాదాలూ లేవు.
ఎంతసేపో తెలీదు. చినుకు మొదలైంది.
లోపలివాళ్ళకీ నా బూట్లు కనిపిస్తాయని
నాకు తట్టనే లేదు.

వంగి వెళ్ళాను.
"పిండి అంటిన బూట్లు
ఈ వీధిలో ఇంకెవరికున్నాయి?" అంది ఇష్బెల్.
పావుగంట నుంచి చూస్తున్నారట.
ఎవరూ పిలవలేదు.

సున్నా నుంచి మొదలుపెట్టమనలేదు.
ఎన్నింటికి, ఏ మలుపు, జేబులో ఎంత,
అంతకుముందు ఏం తిన్నావు, ఎవరితో మాట్లాడావు
అని అడిగారు.
టోర్క్విల్ నేల మీద సుద్దముక్కతో దారి గీశాడు,
నదికి ముందు ఒక చోట చుక్క పెట్టాడు.
గాలి ఎక్కడ పోతోందో తెలియాలంటే
ట్యూబుని నీళ్ళలో ముంచుతాం.
బుడగ వచ్చిన చోట వేలు పెడతాం.
ట్యూబుని తిట్టేవాణ్ణి నేనింకా చూడలేదు.
"నలభై మూడూ తొక్కిన దూరమే," అన్నాడు చేతులు తుడుచుకుంటూ,
"పంక్చరైతే మైళ్ళు వెనక్కి పోవు."

నాకు ఏడుపు రాలేదు. ఆకలేసింది.
బొజెనా తన బ్రెడ్డు సగం తుంచి ఇచ్చింది.
బాగా ఉడకలేదు. చెప్పాను.
"అయితే నువ్వే తీసుకురా" అంది.

తొమ్మిదింటికి కప్పులు కడిగాం.
మూల దగ్గర ఎప్పటి గొడవే,
ఇది నాది, కాదు అది నాది.
అందరూ వెళ్ళాక ఒక గొడుగు మిగిలింది.
ఎవరిదో తెలీదు.
నాకు గొడుగు లేదు, వాన ఆగలేదు.
తీసుకున్నాను.
అది ఉత్త గొడుగే. ఒక ఊచ వంగింది.
వచ్చే గురువారం తిరిగి ఇచ్చేయాలి.