గది అన్నారు

రాత్రిబడి పరీక్ష కాగితాలు ముప్పై ఒకటి.
స్టవ్ మీద కేటిల్ పెట్టి దిద్దుతున్నాను.
ఎల్ ఆల్టోలో నీళ్లకి తొందరెక్కువ,
ఎనభై ఆరు డిగ్రీలకే తెర్లిపోతాయి.
టీ ఆకు మాత్రం సగం రంగు వదిలి
ఇక చాలన్నట్టు ఊరుకుంటుంది.

పదిహేడో లెక్క:
గదిలో మూత తీసి ఉంచిన సీసా.
ఇరవై ఏడు డిగ్రీల దగ్గర మూత బిగించి
నూట ఇరవై ఏడు దాకా వేడిచేస్తే
లోపలి పీడనం ఎంత?

సిల్వేరియో డిగ్రీల్ని డిగ్రీలతోనే భాగించాడు.
నాలుగు పాయింట్ ఏడు వచ్చింది.
సీసా కాదు, బాంబు.
రెండువందల డెబ్బై మూడు కలుపు నాయనా అని
నాలుగు నెలలుగా మొత్తుకుంటున్నాను.
ఎర్మినియా కలిపింది గానీ భిన్నం తలకిందులు చేసింది.
ఆమె సీసాలో గాలి
వేడెక్కినకొద్దీ ముడుచుకుని కూర్చుంది.
ఒకతను లెక్క మానేసి సీసా బొమ్మ వేశాడు,
చక్కగా, నీడతో సహా.
అర మార్కు వేశాను. దేనికని అడక్కండి.

తర్వాత కాసిల్దా కాలిసాయా కాగితం.
ఒరూరో రోడ్డు మీద పంక్చర్ల కొట్టు ఆమెది.
ప్రతి పేజీ మూలా గ్రీజు వేలిముద్ర, సంతకంలా.
మూడొందలు, నాలుగొందలు, కెల్విన్లు సరిగ్గా ఉన్నాయి.
గుణకారం, భాగహారం సరిగ్గా ఉన్నాయి.
జవాబు: సున్నా పాయింట్ ఎనిమిది మూడు.

పుస్తకం చివరి పేజీలో
ఒకటి పాయింట్ మూడు మూడు.

ఎర్ర పెన్ను అప్పటికే ఇంటూలో సగం గీసేసింది.
అప్పుడు చూశాను, అడుగున, పెన్సిలుతో:
"గది అన్నారు. మన గదే అనుకున్నాను."

మన గది.
సముద్రానికి నాలుగువేల నూట యాభై మీటర్ల ఎత్తున,
ఒక కిటికీకి అద్దం బదులు అట్టముక్క.
ఇక్కడి గాలి బరువు సున్నా పాయింట్ ఆరు రెండు.
నేల విడిచి సాము చేసింది నేనూ, పుస్తకమూ.
ఇరవై ఏడు డిగ్రీలు ఈ గదిలో ఏనాడు చూశాం
అని మాత్రం ఆమె అడగలేదు. మర్యాదస్తురాలు.

పుస్తకం రాసినాయనది ఏదో రేవు పట్నం అయ్యుంటుంది.
కిటికీ తెరిస్తే ఓడ కూత వినిపించేది అయ్యుంటుంది.
తన చుట్టూ ఉన్న గాలికి
ఆయన ఒకటి అని పేరు పెట్టుకున్నాడు.
మాకు సముద్రం పోయి నూట నలభై ఏళ్లు దాటింది.
ఏటా మార్చిలో దానికోసం బ్యాండు కట్టి ఊరేగుతాం.
సముద్రం రాలేదు,
దాని ఒత్తిడి మాత్రం కంఠతా వచ్చేసింది పిల్లలకి.

అసలు ఒత్తిడి గురించి కాసిల్దాకి నేను చెప్పేదేముంది!
అరీకా రేవు నుంచి కొండెక్కిన లారీ టైరు
ఎవరూ గాలి కొట్టకుండానే గట్టిపడుతుందని తెలుసు,
గేజీ అయిదు పౌన్లు ఎక్కువ చూపిస్తుందని తెలుసు.
గాలి తీసెయ్యమన్న డ్రైవరుతో
"దిగేటప్పుడు ఏడుస్తావు, ఉండనీ" అంటుంది.
నేలకి అతుక్కుపోయిన టైరులో గేజీ సున్నా దగ్గరుంటే
"అది సున్నా కాదు మాస్టారూ,
బయట ఎంతో లోపలా అంతే"
అని ఒక రాత్రి తరగతి మధ్యలో అన్నది ఆమే.
నేనింకా ఆ పాఠం దాకా రాలేదు.

సగం గీసిన ఇంటూని
తోక పొడిగించి టిక్కు చేశాను.

తర్వాత భయమేసింది.
నవంబరులో అసలు పరీక్ష. దిద్దేవాళ్లు వేరు.
జవాబుల చీటీ శాఖ ఆఫీసు నుంచి సీలు వేసి వస్తుంది.
అందులో మన గది ఉండదు.

పక్కన రాశాను:
"కాసిల్దా గారూ, మీరు రైటు.
నవంబరులో మాత్రం, ఒక్క మూడు గంటలు,
పుస్తకం గదిలో కూర్చోండి."
రాసింది చదువుకుంటే
నోట్లో టీ ఇంకా పలచబడింది.
కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు.

కేటిల్ మూత టపటపమంటోంది.
ఇంకా పదకొండు కాగితాలున్నాయి.
పద్దెనిమిదో లెక్క ఇలా మొదలవుతుంది:
సాధారణ పరిస్థితుల్లో...