పోయే రంగు

పొలంలో చల్లాల్సిన యూరియాని
మూతపెట్టిన పింగాణీ గిన్నెలో పోసి
కొలిమిలో ఐదువందల యాభై డిగ్రీల దాకా కాల్చాను.
నాలుగు గంటలయ్యాక మూత తీస్తే
పసుపు కాని పసుపు, గడ్డకట్టిన పొడి.
జింక్ ఆక్సైడుతో కలిపి నూరాను.
దేనికది ఒంటరిగా చేతకానిది.
తెల్లదానికి కంటికి కనపడే వెలుగు అందదు,
పసుపుది అందుకుంటుంది గాని నిలుపుకోలేదు.
రెండూ ఆనుకున్న చోట
ఎలక్ట్రాను గోడ దూకుతుంది.
వెనక్కొచ్చేలోపు పని అయిపోవాలి.

"గుంటూరు మే ఎండ ఉండగా
ల్యాంపు దేనికమ్మాయ్" అంది మస్తాన్‌బీ మేడం.

ముందు అరగంట చీకట్లో కలపాలి.
పొడికి అంటుకున్నది వేరు, విరిగింది వేరు;
చీకట్లో తగ్గిన రంగు మన లెక్కలోకి రాదు.
ఆ తర్వాత డాబా మీదికి.
తొంభై నిమిషాలకి మిథిలీన్ నీలం
మజ్జిగతేటలా తేరింది.
గ్రాఫులో కొండ కూలి చదునయింది.

ఆ సంబరంతోనే మంగళగిరి వెళ్ళాను,
సాంబయ్య పెదనాన్న అద్దకం తొట్టి దగ్గరికి.
మోచేతుల దాకా నీలం.
గోళ్ళ అసలు రంగేమిటో ఆయనకే గుర్తులేదు.
నూలు చిలప పిండుతూనే విన్నాడు.
"నలభై ఏళ్ళు పోదు పోదని ఒట్టేసి అమ్మాను,
నువ్వు దాన్ని పొమ్మని పొగబెడుతున్నావా?"
"చీర మీద కాదు పెదనాన్నా, కాలవలో."
"కాలవలోదీ నాదేగా."

క్యాను నింపి ఇచ్చాడు.
అందులో నా ఒక్క నీలమే లేదు:
కాస్టిక్, హైడ్రోస్, దోసెళ్ళకొద్దీ ఉప్పు,
నిన్నటి మెరూన్, మొన్నటి చిలకపచ్చ,
ఎవరో ఉమ్మిన కిళ్ళీ కూడా ఉండొచ్చు.
తొంభై నిమిషాలు. రెండు గంటలు. నాలుగు.
పొద్దు వాలింది. బీకరు మాత్రం
బస్టాండు టీ రంగు దగ్గరే ఆగింది.

పాళ్ళు మార్చాను, ఇనుము కలిపాను,
ఎన్నిసార్లో నోటుబుక్కుకే తెలుసు.
శ్రావణం వచ్చి ఎండ పలచబడింది,
పెళ్ళి చీరలకి తొట్లు నిండాయి.
చివరికొక రోజు
తేటనీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టాను.

వెలుగుకెత్తి చూశాడు. మూత తీసి వాసన చూశాడు.
వేళ్ళ మధ్య ఒక చుక్క రుద్దాడు.
నా యంత్రం అడగని ప్రశ్నలన్నీ అయ్యాక అన్నాడు:
"రంగు పోయింది. మంచిదే.
నీళ్ళింకా నీళ్ళు కాలేదే."

తిరుగు బస్సులో ఆ మాటే రాసుకున్నాను,
తేదీ వేసి, పరిశీలన అన్న గడిలో.
పక్క సీటావిడ ఒళ్ళో కొత్త చీర పొట్లం.
షాపతను చెప్పాడట,
ఎన్ని ఉతుకులకీ పోదని.