పదికి ఏడు

కోపంలో ఇచ్చిన ఇంటిపని అది.
"మీరు ఎవరికి కృతజ్ఞులు? పది వాక్యాలు."

ఆ ముందురోజు మధ్యాహ్నం
జాలరిపేట బడి గోడవతల, ఇసుకలో,
మధ్యాహ్న భోజనం గుడ్లతో బౌలింగ్ వేశారు తొమ్మిదో తరగతి.
స్టాఫ్ రూంలో సోషల్ మేస్టారు పట్నాయక్ గారు
కళ్లజోడు తుడుచుకుంటూ తీర్పు చెప్పేశారు:
"అన్నీ చేతికందితే అంతేనండి. విలువ తెలీదు."
నేను తలూపాను.
తలూపడానికి ఖర్చేముంది.

ఆదివారం. మద్దిలపాలెంలో కరెంటు లేదు.
బాల్కనీలో కూర్చుని నలభై రెండు కాగితాలు దిద్దుతున్నాను.
ముప్పై తొమ్మిది మంది ఆ మాటే తప్పు రాశారు.
క్రుతగ్నత. కృతగ్యత.
ఒకడిదైతే కుతజ్ఞత, పొయ్యి మీద ఉడుకుతున్నట్టు.
ఎర్రపెన్నుతో సున్నాలు చుట్టి చుట్టి
వేలు నొప్పెట్టింది.

సగం మంది గైడులోది దించేశారు:
తల్లిదండ్రులు, గురువులు, సైనికులు, రైతులు.
వేటకెళ్లేవాళ్ల పిల్లలు
రైతుకి దండం పెట్టారు,
ఒక్కరూ వలకి పెట్టలేదు.
తెడ్డు గౌరీశంకర్ ఫోనుకి రాశాడు,
రోజుకి ఒకటిన్నర జీబీకి.
నిజం చెప్పినందుకు ఒక మార్కు ఎక్కువేశాను.

మైలపల్లి ఎల్లాజీ 'సముద్రానికి' అని మొదలెట్టి
అడ్డంగా కొట్టేశాడు.
కింద పెన్సిల్‌తో, ఎవరూ చూడకూడదన్నంత సన్నగా:
పెదనాన్న బోటు ఇంకా రాలేదు.
ఆ తర్వాత పేజీ అంతా ఖాళీ.
ఖాళీని ఎలా దిద్దాలో
నాకు బీయిడీలో చెప్పలేదు.

అన్నిటికన్నా అడుగున వాసుపల్లి నూకరత్నం.
రెండో బెంచీ గుంట. థాంక్స్ అనదు, సారీ అనదు.
నిరుడు నేను కొనిచ్చిన కంపాస్ బాక్సు
నా దగ్గర బాకీ ఉన్నట్టు తీసుకుంది.
ఇలా రాసింది, పుస్తకం భాష పక్కన పెట్టేసి:

"మాయమ్మ తెల్లారి మూడింటికి హార్బరుకెల్తాది.
గంప నెత్తినెట్టుకుని ఎమ్వీపీ కాలనీ అంతా తిరుగుతాది.
మీరు సెప్పారని నిన్న రేత్రి థాంక్సమ్మా అన్నాను.
మాయమ్మ నా నుదురు ముట్టుకు సూసింది.
జొరమొచ్చినాదేటే అంది.
మిరియాల కసాయం తాగించింది.
ఇంకెప్పుడూ అన్ను."

నవ్వొచ్చింది. ఒక్కదాన్నే పైకి నవ్వాను.
నవ్వు మధ్యలో మా నాన్న అడ్డం వచ్చాడు.

పోర్టులో కలాసీ.
మాంగనీసు ఎత్తిన రోజు ఉమ్మి నల్లగా పడేది.
నా ఫీజులన్నీ ఆ నలుపులోంచే వచ్చాయి.
రిజల్టు రోజు జిలేబీ పొట్లం పట్టుకుని
షిఫ్టు బట్టల్తోనే గుమ్మంలో నిలబడితే
నేనన్న మాట: "చల్లారిపోయాయి నాన్నా."
అంతే.
ఆయన పోయి పదకొండేళ్లు.

మొన్న ఉత్తమ ఉపాధ్యాయినిగా శాలువా కప్పినప్పుడు
మైకు ముందు హృదయపూర్వక కృతజ్ఞతలు చెప్పాను,
వేదిక మీది పెద్దలకి, మైకు సెట్టు వాళ్లకి,
షామియానా కట్టినవాళ్లకి కూడా.
ఒక్క ఒత్తు తప్పు పోలేదు.

సోమవారం పట్నాయక్ గారడిగారు,
"ఏమంటున్నారండీ మీ కృతజ్ఞులు?"
"గుడ్లింకా పారేస్తూనే ఉన్నారు" అన్నాను.
అదీ నిజమే.

ఎల్లాజీ కాగితం మార్కులు వెయ్యకుండానే ఇచ్చేశాను.
వాడు చూడకుండానే మడిచేశాడు.

నూకరత్నం పది వాక్యాలడిగితే ఏడే రాసింది.
పదికి ఏడు.
మూడెందుకు పోయాయని అడగలేదు.
కంపాస్ బాక్సు తెరిచి కాగితం అందులో పెట్టుకుంది.
మూత మీద ములికితో తన పేరు చెక్కుకుని ఉంది, లోతుగా,
ఇంకెవరూ తీసుకోకుండా.

మిగిలిన మూడు వాక్యాలూ నేను రాయాల్సినవి.
పెన్నులో ఎరుపే ఉంది.