మూడు బిల్లుల ఆయుష్షు

హంద్రి గట్టున మురుగుశుద్ధి ప్లాంటు ఒకటుంది,
మేం కట్టబోయేదానికి అన్న.
గేటుకు తాళం ఉంది, గోడ లేదు.
అయినా మద్దిలేటి తాళమే తీశాడు,
మేం గేటులోంచే పోయాం.

లోపలంతా కంపచెట్లు.
తుప్పుపట్టిన రెక్కలు నాలుగు
గాలి వచ్చినప్పుడు మూలుగుతున్నాయి.
శిలాఫలకం మాత్రం నిగనిగలాడుతోంది.
బేతంచెర్ల బండ కదా,
దానికి కరెంటు అక్కర్లేదు.

"ఎన్నాళ్లు నడిచింది?"
"మూడు బిల్లులు నడిచె మేడం.
నాలుగోది ఎవురు కట్టల్లని
ఆఫీసుకూ ఆఫీసుకూ నడుమ ఉత్తరాలు నడిచె.
ఒక మోటారు ఎవురో ఇప్పుకోని పాయిరి.
రెండోది నా మంచం కింద ఉండాది."

నా సంచిలో కొత్త అంచనా, నూట నలభై పేజీలు.
తవ్వకం ఉంది, కంకర ఉంది, ఇనుము ఉంది,
ప్రారంభోత్సవం షామియానాకు కూడా ఓ పద్దుంది.
నిర్వహణ అన్నచోట: రెండేళ్లు.
ఆ తర్వాత తెల్లకాగితం.

మురుక్కి ఆ లెక్క తెలీదు.
తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరుతుంది
సబ్బునురగతో, బియ్యం కడుగుతో,
పసిగుడ్డలు ఉతికిన నీళ్లతో,
మా ఇంటి వంకాయ తొడిమలతో.
మూడో ఏడూ వస్తుంది. పదమూడో ఏడూ వస్తుంది.

కాలవ దిగువన రమీజాబీ మడి.
పాలకూర కొంచెం, గేదెల గడ్డి ఎక్కువ.
చీలమండల దాకా నల్లనీళ్లలో నిలబడి
నా చేతిలోని పటాన్ని అనుమానంగా చూసింది.
"ఎండాకాలం ఈ ఏట్లో పారేది
మీ స్నానాలేనమ్మా.
శుద్ధి చేస్తే చేయండి, నా కాళ్ల దురదన్నా పోతాది.
తెల్లగ చేసి యాడికో పైపేసుకోని పోతే
నా గొడ్లకు ఏం చూపించల్ల,
మీ బోర్డా?"

ఆ మాట రాసుకునే గడి
నా ఫారంలో లేదు.

మద్దిలేటి బిందెడు నీళ్లు తెచ్చి
గేటు దగ్గర ఒంపాడు.
"పటంలో పంపుహౌసు ఈ పక్కేసినారు.
నీళ్లేమంటాయో సూడండి."
నీళ్లు కాస్త ఆలోచించాయి,
ఒక గడ్డిపరక చుట్టూ తిరిగాయి,
పంపుహౌసుకు వీపు చూపించి
రమీజాబీ మడి వైపు నడిచాయి.
ఎవ్వరూ తోయలేదు.

గోడ మిగిలిన ఒక్క మూలలో
నా భుజం ఎత్తున పాత వరద గీత.
దానికి జానెడు పైన
పెన్సిలుతో ఇంకో గీత గీశాను,
మోటారు కూర్చోవలసిన చోటని.

ఆ రాత్రి మూడు పంపులు కొట్టేశాను, ఒకటుంచాను.
వాలు పొడుగునా మూడు మడుగులు,
వాటి కింద జమ్ము పాతిన మడి,
బురద ఎండబెట్టి శెనక్కాయ చేలకు పంపే కళ్లం,
అరిగిపోతే కర్నూల్లోనే దొరికే బేరింగులు.
ఆఖర్న పదిహేనేళ్ల జీతం, పేరుతో సహా:
మద్దిలేటి. తర్వాత, మద్దిలేటి పని నేర్పిన మనిషి.

పై ఇంజనీరు ఎర్ర పెన్సిలు అక్కడే ఆగింది.
"పంపులు తగ్గించావు, బాగుంది.
ఈ పదిహేనేళ్లేంది?
ఇది ప్రాజెక్టు కాదమ్మా, సంసారం."
అవును సార్, అన్నాను.
ఆయన నవ్వలేదు. కొట్టేయనూ లేదు.

ఫైలు పైకి పోయింది.
పైకి పోయేదేదీ వాలుమీద పోదు కదా,
ఎవరో ఒకరు తోస్తూనే ఉండాలి.
వారానికోసారి వెళ్లి తోసి వస్తున్నాను.

ఏడు నెలలైంది. నిన్న మద్దిలేటి ఫోను.
"పగిలిన తొట్లో జమ్ము దానంతటదే లేచింది మేడం.
దాని మొదట్లో నీళ్లు తేటగుండాయి, కప్పలు చేరినాయి.
పెరికేయల్నా?"
"వద్దు. ఉండనీ."
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
వెనకాల రమీజాబీ ఎవర్నో తిడుతోంది.
"మోటారుకు నూనె పెట్టినా" అన్నాడు,
"శనివారం కదా."